దీంట్లో నలుపు బాగుంది

రంగుల కొట్టులో అతన్ని అందరూ షేడ్ మాస్టారు అనే పిలుస్తారు. అసలు పేరు జీతం రోజున సంతకం పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఎవరైనా గోడ పెచ్చు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి, బల్లమీద పెట్టి, "ఇదే రంగు కావాలండీ" అంటే, రంగులు కలిపే మిషను చూపించే కొలతల వంక ఒకసారి చూసి పెదవి విరుస్తాడు. తెల్ల రంగులో పసుపు ఇన్ని చుక్కలు, మట్టి ఎరుపు ఒక చుక్క, నలుపు అర చుక్క అని తనే లెక్క మారుస్తాడు. డబ్బా ఊపించి, మూత తీసి, అట్టముక్క మీద వేలితో రాసి, ఆరేదాకా ఆగుతాడు. ఆరిన తర్వాత వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో చూస్తాడు. ట్యూబులైటు కింద కుదిరిన రంగు ఎండలో కుదరకపోతే మళ్ళీ మొదటికొస్తాడు. పదమూడేళ్ళుగా ఇదే పని. అతను కలిపిచ్చిన డబ్బా వెనక్కి వచ్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అలాంటి మనిషికి తన ఇంట్లో తన మాట చెల్లడం లేదనిపించేది. చెల్లే మాట బావమరిదిది.

అతని భార్య అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు తీస్తుంది. పొద్దున్నే వెళ్ళి, చెవికి ఫోను తగిలించుకుని, ఏడుస్తున్నవాళ్ళతోనూ అరుస్తున్నవాళ్ళతోనూ నెమ్మదిగా మాట్లాడి, ఎక్కడున్నారో ఏమైందో రాబట్టి, బండి పంపించాలి. సాయంత్రం అయిదింటికి ఇంటికొస్తే ముఖం కడుక్కుని, టీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చుని తమ్ముడితో కార్ల పందెం ఆడుతుంది. ఆమె ఇక్కడ, తమ్ముడు ఊరికి ఆ చివర తన గదిలో. ఒకరి మాట ఒకరికి హెడ్‌సెట్‌లో వినబడుతూ ఉంటుంది. ఆ గంటసేపూ ఆమె నవ్వే నవ్వు రెండు గదుల ఇల్లంతా వినబడుతుంది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆరడుగుల పైన రెండంగుళాలు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మానికి తల కొట్టుకుంటాడు. అయినా అక్కకి వాడు బుడ్డోడే.

షేడ్ మాస్టారికి బావమరిది మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదు ఒక్కటీ లేదు. అదే అతని బాధ. వాడు తాగి రాడు, చేబదులు అడగడు, పిలిస్తే వచ్చి ఫ్యాను బిగించి పోతాడు. కానీ సాయంత్రం అయిదున్నరకి ఆమె ఒక్కసారిగా "సబ్బు! సబ్బు!" అని అరిచి, పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉంటే, పక్క గదిలో చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్న అతను సూది వేలికి గుచ్చుకునేవాడు. ఒకసారి అడిగాడు, సబ్బేమిటని. చిన్నప్పుడు బుడ్డోడు సబ్బుమీద కాలేసి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి జారుకుంటూ పోయాట్ట, మలుపులో కారు జారితే ఇప్పుడు సబ్బు అంటారట. చెబుతూనే ఆమె మళ్ళీ నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వాల్సిన చోటు వచ్చింది కాబట్టి నవ్వాడు. పెళ్ళయి ఆరేళ్ళయింది. తను చెప్పిన దేనికీ ఆమె పొట్ట పట్టుకుని నవ్విన గుర్తు లేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున మానిటర్ చచ్చిపోయింది. ఎవరిదో ఆఫీసు మూసేస్తుంటే కొన్న పాతది. కొన్నాళ్ళుగా మధ్యలో ఆకుపచ్చ గీత ఒకటి నిలువుగా వస్తోంది. ఆ రోజు గీతకి అటువైపంతా చీకటైపోయింది. ఇంట్లో టీవీ లేదు. శనివారం సాయంత్రాలు ఇద్దరూ సినిమా చూసేదీ దాంట్లోనే. కాబట్టి కొత్తది కొనక తప్పదు. "ఏమండీ, పదిహేను వేలు దాటకుండా కొనుక్కుందాం" అంది ఆమె. అతను సరేనని, ఏది కొందామా అని ఆలోచించే లోపల ఆమె ఫోను చెవి దగ్గరికి పోయింది.

"ఒరే బుడ్డోడా, మానిటర్ పోయిందిరా. ఏది కొనమంటావ్?"

అవతలి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. టేబుల్ ఎంత వెడల్పు, గోడకీ కుర్చీకీ మధ్య ఎంత దూరం. ఆమె టేపు తీసింది. ఒక కొస భర్త చేతికిచ్చి, "ఇది గోడకి ఆనించి పట్టుకోండి" అంది. అతను పట్టుకున్నాడు. ఆమె అంగుళాలు చదువుతూ ఉంటే, గోడకి వేలు నొక్కిపెట్టి నిలబడి, ఈ ఇంట్లో నా ఉద్యోగం ఇదన్నమాట అనుకున్నాడు.

బుడ్డోడు వివరంగా చెప్పాడు. ఆమె స్పీకర్ పెట్టింది. "ఇరవై నాలుగు అంగుళాలు చాలక్కా. అంత దగ్గర కూర్చుంటే పెద్దది తీసుకుని లాభం లేదు, బొమ్మ గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. పక్కనుంచి చూసినా రంగు మారని రకం ప్యానెల్ ఒకటుంటుంది, అదే అడుగు. ఇంకోటి, సెకనుకి నూట నలభై నాలుగు సార్లు బొమ్మ మార్చేదై ఉండాలి. లేకపోతే కారు స్పీడుగా పోయేటప్పుడు మసకేస్తుంది. శనివారం నాకు సెలవే. కొట్టుకెళ్ళి చూద్దాం."

"నేనూ వస్తాను" అన్నాడు షేడ్ మాస్టారు.

ఆమె తిరిగి చూసింది. "మీరా? రండి, ఇంకా మంచిది" అంది. ఆ 'ఇంకా' అన్న మాట కూడా అతనికి గుచ్చుకుంది.

ఆ వారమంతా మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, రంగుల డబ్బాల మధ్య కూర్చుని ఫోన్లో మానిటర్ల గురించి చూశాడు. మంచిది ఏదో తెలుసుకుందామని కాదు. బావమరిది చెప్పిన దాంట్లో లోపం ఎక్కడుందో తెలుసుకుందామని. గురువారం నాడు దొరికింది. వాడు చెప్పిన రకం ప్యానెల్లో అన్నీ బాగుంటాయి గానీ, గదిలో చీకటి చేసుకుని సినిమా చూస్తే నలుపు నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. వేరే రకం ఉంది, దాంట్లో నలుపు కాటుకలా ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే ఎవరూ సంతోషించరు. అతను మాత్రం రాయి దొరికినవాడిలా సంతోషించాడు.

శనివారం పదకొండింటికి ముగ్గురూ కొట్టుకి వెళ్ళారు. గోడ పొడుగునా మానిటర్లు వరసగా వెలుగుతున్నాయి. అన్నిట్లోనూ ఒకటే పూలతోట. ఒక్కో దాంట్లో ఒక్కో రంగు. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి వచ్చి ఏం కావాలంది. బుడ్డోడు తన లిస్టు చెప్పి ఇరవై నాలుగు అంగుళాలది ఒకటి తీయించాడు. షేడ్ మాస్టారు దాని పక్కనే ఉన్న ముప్ఫై రెండు అంగుళాలదాన్ని చూపించాడు. అటూ ఇటూ కొద్దిగా వంపు తిరిగి, చూడ్డానికి గంభీరంగా ఉంది. దాని ధర కూడా పదిహేను వేల లోపే.

"రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం బావా" అన్నాడు బుడ్డోడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఆ అమ్మాయిని బతిమాలి, పూలతోట ఆపించి, రెండిట్లోనూ ఒకే సినిమా ముక్క, ఆ తర్వాత ఒకే పందెం ముక్క వచ్చేటట్టు పెట్టించాడు. అప్పుడు పక్కకి జరిగి చేతులు కట్టుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పాలి బావా. ఆట గురించైతే నేనూ అక్కా చెప్తాం. రంగు గురించి మాకేం తెలుసు?" అని, కార్డు అమ్మాయి వైపు తిరిగి, "మా బావ షేడ్ మాస్టరండీ. గోడ పెచ్చు చూపిస్తే చాలు, డబ్బాలో అదే రంగు కలిపేస్తాడు. ఈయన కన్ను ముందు నా లిస్టెంత?" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వింది. భార్య ముఖం గర్వంతో వెలిగింది. ఇంకొకరైతే పొంగిపోయేవారు. షేడ్ మాస్టారికి మాత్రం ఒళ్ళు మండింది. ఇస్తున్నాడు, నా పెళ్ళాం ముందు నా పెద్దరికం నాకే ధర్మం చేస్తున్నాడు, అనుకున్నాడు.

అయినా చూశాడు. చూడకుండా ఉండడం అతని చేతిలో లేదు. కళ్ళు పదమూడేళ్ళుగా ఆ పనిలో ఉన్నాయి.

సినిమా ముక్కలో ఆవపిండి రంగు కోటు వేసుకున్న ఒకావిడ కిటికీ పక్కన నిలబడి ఉంది. చిన్నదాంట్లో ఆ పసుపు పసుపుగానే ఉంది. ఎడమకి రెండడుగులు వేశాడు. అప్పుడూ అదే పసుపు. పెద్దదాని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. బాగుంది, కిటికీ పక్కన నీడ బావిలా లోతుగా ఉంది. ఎడమకి రెండడుగులు వేశాడు. పసుపులో ఎవరో గరిటెడు సున్నం కలిపినట్టు పాలిపోయింది. ఆవిడ బుగ్గ కూడా పాలిపోయింది. తర్వాత పందెం వచ్చింది. కార్లు సొరంగంలోకి దూరాయి. చిన్నదాంట్లో కారు అంచు గీసినట్టు ఉంది. పెద్దదాంట్లో కారు వెనక నల్లటి నీడ సాగుతోంది, టర్పెంటైన్ ఎక్కువైన రంగు కుంచె వెనకాల కారినట్టు. పైగా అంత దగ్గర నుంచి అక్షరాల అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి.

అన్నీ కనిపించాయి. బావమరిది చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నలుపు సంగతి ఒక్కటే అతని చేతిలో మిగిలింది.

"దీంట్లో నలుపు బాగుంది" అన్నాడు, పెద్దదాని మీద చెయ్యి వేసి.

అది నిజమే. అబద్ధం ఆడవలసి వచ్చినప్పుడు నిజంలోంచి ఒక ముక్క తుంచి ఇవ్వడం ఎంత తేలికో అతనికి ఆ రోజే తెలిసింది.

"పక్కనుంచి కొంచెం పాలిపోతున్నట్టుంది కదా బావా?" అన్నాడు బుడ్డోడు.

"సినిమా ఎవరైనా ఎదురుగా కూర్చునే చూస్తారు."

"టన్నెల్లో కారు వెనకాల ఏదో..."

"అది నీ వీడియోలోనే ఉంది. పాతదేమో."

బుడ్డోడు మెడ గోక్కున్నాడు. అక్క ఇద్దరి వంకా చూసింది. ఆమెకి రెండూ బాగానే ఉన్నట్టున్నాయి. "ఆయన కన్ను తప్పు పోదురా. ఆయన చెప్పిందే తీసుకుందాం" అంది.

ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట అది. వినగానే సంతోషం రావలసింది. రాలేదు.

పెట్టె మోసుకుని మూడంతస్తులూ ఎక్కింది బుడ్డోడే. "లిఫ్టు మెకానిక్ని తమ్ముడిగా పెట్టుకుని, లిఫ్టు లేని ఇల్లు వెతుక్కున్నావు చూడక్కా" అని ఆయాసపడుతూ నవ్వించాడు. మానిటర్ టేబుల్ మీద పెడితే టేబులంతా అదే అయింది. కీబోర్డు సగం గాలిలో ఉంది. కొంచెం దూరంగా కూర్చుందామని ఆమె కుర్చీ వెనక్కి జరిపితే మంచానికి తగిలింది. బుడ్డోడు గంటసేపు సెట్టింగులు తిప్పి తిప్పి, ఆ నీడ కొంచెమైనా తగ్గుతుందేమో చూశాడు. వెళ్ళేటప్పుడు, "బాగుంది బావా, హాల్లో కూర్చున్నట్టుంది" అన్నాడు. నొప్పించకూడదని అన్న మాటని తెలుస్తూనే ఉంది.

సోమవారం నుంచి ఆమె ఓడిపోవడం మొదలుపెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా గోడకి కొట్టుకునేది. మొదటిరోజు నవ్వింది. రెండోరోజు బుడ్డోడు, "అక్కా, కళ్ళజోడు కొనిపెట్టనా?" అన్నాడు. అప్పుడు నవ్వలేదు. మూడోరోజు తలనొప్పంది. గురువారం పావుగంట ఆడి హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టేసింది. "ఇవాళ్టికి చాలురా" అని ఫోన్లో చెప్పేసింది. శుక్రవారం కంప్యూటర్ జోలికే పోలేదు.

షేడ్ మాస్టారికి లోలోపల చల్లగా ఉంది. ఆ సంగతి తనకి తాను కూడా పైకి చెప్పుకోలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆమె తన పక్కనే ఉంది. రెండు కప్పుల్లో టీ పోసి తెచ్చి, ఎదురుగా కూర్చుని, ఇవాళ కొట్టుకి ఒక పెద్దాయన చెప్పు తెచ్చి దాని రంగు తలుపుకి వెయ్యమన్న కథ చెప్పాడు. మంచి కథే. ఆమె వింది. కళ్ళు మాత్రం గోడమీద ఉన్నాయి.

"ఏమైంది, అలా ఉన్నావ్?" అని అడిగాడు.

"ఇవాళ ఒకాయన ఫోన్ చేశాడండీ. వాళ్ళావిడకి..." అని ఆగిపోయింది. "వద్దులెండి."

ఆ మర్నాడు వంటింట్లో ఉన్న ఆమెని అతను రెండుసార్లు పిలిచాడు. "చెప్పండి, వింటున్నాను" అంది. నెమ్మదిగా, ఒద్దికగా, ఏ ఒడుదొడుకూ లేకుండా. ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. తర్వాత పోల్చుకున్నాడు. అది ఆఫీసులో ఫోన్ తీసే గొంతు. రోజంతా చెవిలో పడ్డ ఏడుపులన్నిటినీ సాయంత్రం ఆ గంటసేపు నవ్వి కడిగేసుకునేదని, కడుక్కోవడానికి ఇప్పుడు దారి లేక అవి అలాగే ఉండిపోతున్నాయని అతనికి అప్పుడు తట్టింది. తట్టినా నోరు విప్పలేదు. విప్పితే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ శనివారం సాయంత్రం వస్తానన్న బుడ్డోడు రాలేదు. "డ్యూటీ ఉందట" అంది ఆమె. ఇద్దరూ సినిమా పెట్టుకున్నారు. ఆమె కుర్చీలో, అతను పక్కన స్టూలు మీద. స్టూలు మీద నుంచి కథానాయిక ముఖం సున్నం కొట్టినట్టు కనిపిస్తోంది. "మీరు మధ్యలో కూర్చోండి, మీకు సరిగ్గా కనిపించదేమో" అని ఆమె లేవబోయింది. వద్దన్నాడు. రెండున్నర గంటలు కథ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆ పాలిపోయిన బుగ్గనే చూస్తూ కూర్చున్నాడు.

మంగళవారం నాడు రంగుల కొట్టుకి ఒకావిడ పాత బీరువా తలుపు ముక్క పట్టుకుని వచ్చింది. బూడిదలో కాస్త నీలం కలిసిన రంగు. మిషను దగ్గరుండే అతను డబ్బా కలిపేసి, అట్టముక్క పక్కన పెట్టి చూసి, "దగ్గరగానే ఉంది, ఇచ్చేయండి మాస్టారూ" అన్నాడు. షేడ్ మాస్టారు ఆ రెండూ పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. ఎండలో నీలం ఒక పిసరు ఎక్కువగా ఉంది.

"కుదరలేదమ్మా. ఇంకో పావుగంట కూర్చోండి" అన్నాడు లోపలికొచ్చి.

ఆవిడ విసుక్కుంది. "నాకైతే రెండూ ఒకటేలాగున్నాయి బాబూ. నువ్వు సరేనంటే సరే. తెలిసినవాడివి నువ్వు."

అతను డబ్బా మూత తీస్తున్నవాడు ఆగిపోయాడు. ముక్కూ ముఖం తెలియని ఒకావిడ బీరువా తలుపుకి పావుగంట ఎండలో నిలబడి నిజం చెబుతున్నాడు. ఇంట్లో మనిషి, "ఆయన కన్ను తప్పు పోదు" అంటే, అదే కన్ను పెట్టి అబద్ధం ఆడాడు. తల కొట్టేసినట్టయింది.

రంగు కుదిర్చి ఆవిణ్ణి పంపించి, మళ్ళీ వీధిలోకి వెళ్ళి బావమరిదికి ఫోన్ చేశాడు. ఆరేళ్ళలో తనంతట తను వాడికి ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"బావా! అక్కకేమైనా అయిందా?" అన్నాడు బుడ్డోడు, కంగారుగా.

"అక్కకేం కాలేదు. నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"ఆ రోజు కొట్లో నాకు అన్నీ కనిపించాయి. పక్కకి జరిగితే రంగు పోవడం, టన్నెల్లో నీడ సాగడం, అన్నీ. నువ్వు చెప్పిందే సరైంది. తెలిసి తెలిసి ఆ పెద్దది కొనిపించాను."

అవతల ఏదో లిఫ్టు గొలుసు చప్పుడు వినిపించి ఆగింది. "ఎందుకు బావా?" అన్నాడు బుడ్డోడు. నిజంగానే అర్థం కాని గొంతు.

"ఎందుకేముంది. నువ్వు చెప్పావు కాబట్టి."

అవతల పనిముట్టేదో కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత బుడ్డోడు నెమ్మదిగా అన్నాడు. "నేను కళ్ళజోడు అన్నానని అక్కకి కోపమొచ్చిందనుకున్నా బావా. అందుకే ఆడ్డం మానేసిందనుకున్నా. శనివారం నాకు డ్యూటీ ఏం లేదు. ముఖం చూపించలేక రాలేదు."

"తప్పు నాదిరా."

"అవును, నీదే. నాకు చాలా కోపంగా ఉంది. తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాడు.

సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుండగానే, ఆమె కూర్చునేదాకా ఆగితే తనకి ధైర్యం చాలదని, గుమ్మంలోనే మొత్తం చెప్పేశాడు. ఆమె ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడి విన్నది. కేకలు వెయ్యలేదు.

"మా తమ్ముడంటే మీకు కుళ్ళా?" అంది చివరికి.

"అవును."

ఆ జవాబు ఆమె అనుకోలేదు. కాదని బుకాయిస్తాడనుకుంది. "వాడు మీకేం చేశాడండీ?"

"ఏం చెయ్యలేదు. వాడితో నవ్వినట్టు నువ్వు నాతో నవ్వవు."

ఆమె గోడకి చెయ్యి ఆనించి రెండో చెప్పు విప్పింది. లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది. "అది చిన్నప్పటి నవ్వు. వాడూ నేనూ ఒకే కంచంలో తిన్నప్పటిది. అది మీకు ఎక్కడ నుంచి తెచ్చివ్వను?" అంది. కోపం అప్పుడు పైకొచ్చింది. "పొద్దున్నుంచీ సాయంత్రందాకా నాకు ఫోన్ చేసేవాళ్ళు భయంలో ఒకదానికొకటి చెప్తారు. వాళ్ళ మాటల్లోంచి నిజం ఏరుకోవడమే నా పని. ఇంటికొచ్చి కూడా అదే పని చెయ్యాలా? మీరు ఒకటి చూసి ఇంకోటి చెప్తే నేను ఎవర్ని అడగాలి?"

ఆ రాత్రీ మర్నాడూ అవసరమైన మాటలే నడిచాయి. మర్నాడు సాయంత్రం ఆమే అడిగింది. "బిల్లెక్కడుంది? మార్చుకోవడానికి గడువు రేపటితో అయిపోతుంది."

గురువారం అతను సెలవు పెట్టి పెట్టె దించుకుని కొట్టుకి వెళ్ళాడు. అదే కార్డు అమ్మాయి ఉంది. "ప్రాబ్లం ఏమిటి సార్?" అంది.

"దీంట్లో ప్రాబ్లం ఏమీ లేదమ్మా. నేనే తప్పుది ఏరుకున్నాను."

ఆమె గొంతు తగ్గించింది. "ఏదో ఒక ఫాల్టుందని రాయండి సార్. గీత వస్తోందనో, ఆరిపోతోందనో. అప్పుడు ఈజీగా మార్చేస్తారు. ఊరికే మార్చమంటే మా మేనేజర్ ఒప్పుకోడు, ఒప్పుకున్నా, చిన్నది చవకే అయినా తేడా డబ్బు తిరిగివ్వడు."

రాస్తే అయిపోయేది. పెన్ను కూడా చేతికిచ్చింది. "వద్దులే. ఉన్నదే రాస్తాను. తేడా పోతే పోనీ" అన్నాడు. మేనేజరు వచ్చి, పెట్టెలో థర్మోకోల్ ముక్కలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, ఇష్టం లేకుండానే ఇరవై నాలుగు అంగుళాలది తెప్పించి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి అతనే బిగించాడు. కీబోర్డు మళ్ళీ టేబుల్ మీదకి వచ్చింది. కుర్చీకీ మంచానికీ మధ్య మనిషి నడిచే జాగా మిగిలింది. సాయంత్రం ఆమె వచ్చి చూసి, తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ రోజు ఆడింది. సొరంగంలో ఒక్కసారే గోడకి తగిలింది.

బుడ్డోడు శనివారం వచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకున్నాడు. అక్కతో మామూలుగానే ఉన్నాడు. మానిటర్ స్టాండు ఎత్తు సరిచేస్తూ బావతో మాత్రం, "ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు", "కొంచెం ఎత్తి పట్టుకో", అంతకుమించి ఒక్క మాట లేదు. ఎప్పుడూ వేసే వేళాకోళాలు లేవు. షేడ్ మాస్టారు ఇవ్వమన్నది ఇచ్చాడు, ఎత్తమన్నది ఎత్తాడు. వాడు వెళ్ళిపోయాక, ఆ వేళాకోళాలు లేని లోటు తనకి ఇంతగా తెలుస్తుందని అనుకోలేదే అనుకున్నాడు.

తర్వాత వారం మధ్యలో ఒక సాయంత్రం. ఆమె ఆడుతోంది. అతను స్టూలు మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. అవతల వాడేదో అన్నాడు. ఆమె ముందు పెదవి బిగబట్టింది, తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వు. అతను మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టాడు. ఆ బాధ ఎక్కడికీ పోలేదు. తప్పు ఒప్పేసుకుంటే పోతుందని ఎక్కడో ఆశ పెట్టుకున్నట్టున్నాడు.

"నాకు కుళ్ళుగా ఉంది" అన్నాడు, దిండుగలీబు మడతపెడుతూ.

ఆమె ఒక చెవి మీద నుంచి హెడ్‌సెట్ పక్కకి జరిపింది. "ఏంటీ?"

"మళ్ళీ కుళ్ళుగా ఉంది అంటున్నా."

"ఉండనివ్వండి. ఇంకో రెండు రౌండ్లే" అని ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. అంతలో అవతల నుంచి ఏదో అడిగినట్టున్నాడు. "ఏం లేదురా, మీ బావకి కుళ్ళుగా ఉందట" అంది.

ఆమె కారు ఒక మలుపు తిరిగింది. తర్వాత హెడ్‌సెట్ పక్కల నుంచి సన్నగా, దూరం నుంచి, బావమరిది నవ్వు బయటికొచ్చింది. ఆగకుండా నవ్వుతున్నాడు. ఆ నవ్వుకి ఆమె మళ్ళీ అందుకుంది. షేడ్ మాస్టారు ముఖం ఎర్రబడింది. తలవంచుకుని తువ్వాలు తీశాడు, దులిపాడు, నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు.